పేదల ఇంటి మెట్లెక్కిన న్యాయవాది

సెప్టెంబరు 8వ తేదీ మనకందరికీ తెలిసిన పండుగ. అది మరియమాత జన్మదినం. తొమ్మిది రోజుల నవదిన ప్రార్థనలు ముగించుకుని, కొవ్వొత్తులు వెలిగించి, తల్లి స్వరూపాన్ని ఊరేగించి ఆనందించే రోజు. 1853వ సంవత్సరంలో సరిగ్గా అదే పండుగనాడు ఫ్రాన్సు దేశంలోని మార్సెయ్ రేవు పట్టణంలో నలభై ఏళ్ళ న్యాయశాస్త్ర పండితుడొకరు కన్నుమూశారు. ఆయన గురువు కాదు, మఠవాసి కాదు. ఒక ఇల్లాలికి భర్త, ఎనిమిదేళ్ళ పాపకు తండ్రి. చదువుకు న్యాయవాది, వృత్తికి విశ్వవిద్యాలయ ఆచార్యుడు. దేశం కల్లోలంలో పడినప్పుడు తుపాకి భుజాన వేసుకుని కాపలా కాసిన పౌర సైనికుడు. ఆయన పేరు ఫ్రెడరిక్ ఓజనాం.

ఈ పేరు మీలో కొందరికి కొత్తగా ఉండవచ్చు. ఆయన మొదలుపెట్టిన పని మాత్రం మీకు కొత్త కాదు. ఆదివారం పూజ అయ్యాక గుడి వాకిట్లో డబ్బా పట్టుకుని నిలబడే పెద్దాయనను మీరెరుగుదురు. వితంతువు ఇంటికి బియ్యం, పేదపిల్లవాడికి పుస్తకాలు, దిక్కులేని వాడు పోతే శవపేటికకు డబ్బు సమకూర్చే పునీత విన్సెంట్ దె పాల్ సభ మన విచారణల్లో చాలాచోట్ల ఉన్నది. దానికి మూలం ఈ న్యాయవాదే. ఆయన గతించి నూటడెబ్బై ఏళ్ళు దాటింది. అయినా ఆయన జీవితం మన కుటుంబాలకు, ముఖ్యంగా మన ఇండ్లలోని తండ్రులకు, ఇంకా చెప్పవలసింది ఎంతో ఉన్నది.

మెట్లెక్కే తల్లిదండ్రులు

ఓజనాం 1813 ఏప్రిల్ 23న ఇటలీలోని మిలాన్ నగరంలో జన్మించారు. తండ్రి యౌవనంలో నెపోలియన్ సైన్యంలో పనిచేసి, దాన్ని విడిచిపెట్టి, తరువాత వైద్యం చదివిన మనిషి. 1816లో కుటుంబం తమ సొంత ఊరు లియోన్‌కు తిరిగి వచ్చింది. ఆ దంపతులకు పద్నాలుగు మంది సంతానం కలిగితే, పెరిగి పెద్దవారైంది ముగ్గురు కొడుకులే. పెద్దవాడు అల్ఫోన్స్ గురువయ్యాడు. చిన్నవాడు చార్లెస్ వైద్యుడయ్యాడు. నడిమివాడు మన ఫ్రెడరిక్.

ఆ తండ్రి డబ్బులేని రోగులకు ఊరికే వైద్యం చేసేవారు. తల్లి కూడా పేదల ఇండ్లకు వెళ్ళి సేవ చేసేది. లియోన్ నగరంలో పేదలు ఉండేది ఎత్తైన ఇళ్ళ పై అంతస్తులలో. వయసు మీదపడ్డాక కళ్ళు తిరుగుతున్నాయని, ఇక నాలుగో అంతస్తు దాటి ఎక్కకూడదని భార్యాభర్తలు ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారట. ఒకనాడు అంతకన్నా పైన ఉన్న ఒక రోగి గదిలో ఇద్దరూ ఎదురుపడ్డారట! ఒకరికి తెలియకుండా ఒకరు మాట తప్పారన్నమాట. చివరకు 1837లో ఆ తండ్రి ప్రాణం పోయింది కూడా ఒక పేద రోగిని చూడబోయి మెట్ల మీద నుంచి పడిపోవడం వల్లనే.

పిల్లలకు మనం నోటితో చెప్పే జ్ఞానోపదేశం ఎంత మిగులుతుందో దేవునికే తెలుసు. కాని నాన్న ఎవరి ఇంటి మెట్లెక్కాడు, అమ్మ ఎవరికి కంచంలో అన్నం పెట్టింది అన్నది మాత్రం పిల్లవాడు మరచిపోడు. ఫ్రెడరిక్ తరువాత చేసిందంతా ఇంట్లో చూసిన దానిని మరికొంత దూరం తీసుకుపోవడమే.

సందేహాల చీకటి

ఆయన పుట్టుకతోనే గట్టి విశ్వాసి అని మీరు అనుకోవద్దు. పదిహేను, పదహారేళ్ళ వయసులో ఫ్రెడరిక్ విశ్వాసం గడగడలాడింది. అది ఫ్రాన్సు దేశంలో దేవుణ్ణి నమ్మడం చదువుకున్నవాడికి నామోషీగా భావించే కాలం. తరగతిలో తోటివారు వేసే ప్రశ్నలు ఆ కుర్రవాడికి రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వలేదు. నమ్మాలని ఉంది, నమ్మలేకపోతున్నాడు. నిజాన్ని తనకు చూపితే తన జీవితమంతా ఆ నిజానికే సేవ చేస్తానని దేవునికి మాట ఇచ్చాడు.

అప్పుడు ఆయనకు దొరికిన మనిషి ఫాదర్ నువారో. ఆయన లియోన్ కళాశాలలో తత్త్వశాస్త్రం చెప్పే గురువు. తత్త్వశాస్త్రం చదువుకున్నవాడిగా నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. నువారో ఆ కుర్రవాణ్ణి కసరలేదు. అలాంటి ప్రశ్నలు అడగడమే పాపమని నోరు మూయించలేదు. తనతో పాటు నడకకు తీసుకుపోయేవారు. ఊరి బయటి దారుల్లో నడుస్తూ ఒక్కొక్క ప్రశ్ననే విప్పుతూ, బుద్ధికీ విశ్వాసానికీ వైరం లేదని ఓపికగా చూపించారు. నెలలు గడిచాక ఆ చీకటి తొలగింది. మళ్ళీ రాలేదు.

మీ ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే కొడుకో, ఇంజనీరింగ్ చదివే కూతురో గుడికి రావడం తగ్గించి, వింత ప్రశ్నలు వేస్తున్నారా? భయపడకండి, బెదిరించకండి. ప్రశ్న వేసేవాడు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడని గుర్తుంచుకోండి. వాడితో కలిసి నడిచే మనిషి ఒకరు కావాలి, అంతే.

విద్యుత్తు పండితుని జపమాల

తండ్రి కోరిక కొడుకు న్యాయవాది కావాలని. మొదట లియోన్‌లో ఒక న్యాయవాది కార్యాలయంలో దస్తావేజులు నకలు వ్రాసే పనిలో పెట్టారు. 1831 నవంబరులో న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ పంపారు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు, పెద్ద నగరం, తెలిసినవారు లేరు. ఆ సమయంలో ఆయనకు తన ఇంట్లో గది ఇచ్చి, తన బల్లవద్ద భోజనం పెట్టిన పెద్దమనిషి ఎవరో తెలుసా? ఆంద్రె మరీ ఆంపియర్. మన ఇళ్ళలో ప్లగ్గుల మీద, ఫ్యూజుల మీద ఐదు ఆంపియర్లు, పదిహేను ఆంపియర్లు అని వ్రాసి ఉంటుంది కదా, ఆ ఆంపియరే ఆయన.

ఒకనాడు మనసు బరువై, ఓజనాం పారిస్‌లోని పునీత స్తెఫాను దేవాలయంలోకి అడుగుపెట్టారు. ఒక మూల ఒక వృద్ధుడు మోకరిల్లి జపమాల చెప్పుకుంటున్నాడు. దగ్గరికి పోయి చూస్తే ఆంపియర్! ఐరోపా ఖండమంతా తలవంచే శాస్త్రవేత్త, పల్లెటూరి ముసలమ్మ పట్టుకునే అదే జపమాలను పట్టుకుని ఉన్నాడు. ఎన్ని ప్రసంగాలు విన్నా కలగని ధైర్యం ఆ ఒక్క దృశ్యంతో ఆ విద్యార్థికి కలిగింది.

ఒక ప్రశ్న, ఏడుగురు మనుషులు

ఆ రోజుల్లో పారిస్ విద్యార్థులు ఎమ్మానుయేల్ బాయీ అనే పత్రికా సంపాదకుని అండతో ఒక చరిత్ర చర్చాగోష్ఠి నడిపేవారు. నమ్మేవారు, నమ్మనివారు అందరూ వచ్చి వాదించుకునేవారు. ఓజనాం శ్రీసభ చరిత్ర నుంచి ఉదాహరణలు తీసి దీటుగా సమాధానమిచ్చేవారు. ఒకనాడు అవతలి పక్షం విద్యార్థి ఒకడు సూటిగా అడిగాడు. మీ శ్రీసభ ఒకప్పుడు గొప్ప పనులు చేసిన మాట ఒప్పుకుంటాను, కాని ఇప్పుడు, ఈ పారిస్‌లో, మీరు పేదలకు ఏం చేస్తున్నారు అని.

వాదనలో ఎన్నడూ తడబడని ఓజనాం ఆనాడు ఇంటికి మౌనంగా వెళ్ళారు. ప్రశ్న న్యాయమైనదని ఆయన మనసుకు తెలుసు. ముందటి ఏడాది, 1832లో, కలరా వచ్చి పారిస్‌లో వేలమంది చనిపోయారు. ఆ పేటలు విద్యార్థుల గదులకు ఎంతో దూరంలో లేవు. చలికాలానికి తమ గదిలో మిగిలిన కట్టెలను ఓజనాం, ఒక స్నేహితుడు కలిసి తామే మోసుకుపోయి ఒక పేదవాని ఇంట దింపి వచ్చారని చెబుతారు.

1833 ఏప్రిల్ 23న, ఓజనాంకు ఇరవై ఏళ్ళు నిండిన రోజున, బాయీ పత్రికా కార్యాలయంలో ఏడుగురు సమావేశమయ్యారు. బాయీ ఒక్కరే పెద్దవారు. మిగిలిన ఆరుగురూ విద్యార్థులు. వారికి ఉత్సాహం ఉంది గాని, పేదవాడి తలుపు ఎలా తట్టాలో కూడా తెలియదు. అందుకని ముఫ్తార్ వీధి పేటలో ఏళ్ళ తరబడి సేవచేస్తున్న మఠకన్య సిస్టర్ రొజాలీ రెందు వద్దకు వెళ్ళారు. ఆమె వారికి కొన్ని కుటుంబాల చిరునామాలు ఇచ్చింది, రొట్టెకు, బొగ్గుకు చీటీలు ఇచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, పేదవాని ఎదుట కూర్చుని అతని మాట వినడం నేర్పింది. ఆ తల్లిని 2003లో శ్రీసభ ధన్యురాలిగా ప్రకటించింది.

వారు పెట్టుకున్న నియమాలు చాలా చిన్నవి. వారానికొకసారి కలవాలి. ప్రార్థించాలి. ఎవరెంత వేశారో తెలియకుండా సంచి త్రిప్పాలి. ఇద్దరిద్దరుగా పేదవాని ఇంటికే వెళ్ళాలి. ఈ చివరి నియమాన్ని గమనించండి. పేదవాణ్ణి గుడి దగ్గరికి పిలిచి వరుసలో నిలబెట్టి పంచడం తేలిక. అతని ఇంటికి పోవడమంటే అతని మంచం మీదో, గడప మీదో కూర్చోవాలి. అతని పిల్లల పేర్లు తెలుసుకోవాలి. అప్పుడు ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అన్న తేడా కాస్త కరుగుతుంది.

రెండేళ్ళు తిరగకుండానే సభ్యులు వందకు మించారు. ఒక గదిలో పట్టడం లేదు, విడిపోయి శాఖలుగా ఏర్పడాలని ఓజనాం అన్నారు. కొందరు ఒప్పుకోలేదు. స్నేహం చెదిరిపోతుందని కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు. చివరకు విడిపోయారు. ఆ విడిపోవడం వల్లనే ఆ సభ పారిస్ దాటింది, ఫ్రాన్సు దాటింది. మనవాళ్ళు మాత్రమే ఉండాలి, మన గుంపు చెదరకూడదు అని పట్టుబట్టే విచారణ సంఘాలు ఈ సంగతి ఆలోచించాలి.

చట్టం చదివినవాడు చేసిన మొదటి మేలు

ఓజనాంకు అప్పగించిన మొదటి కుటుంబాలలో ఒకటి ఐదుగురు పిల్లల తల్లిది. ఆమె కష్టపడి తెచ్చిన డబ్బును ఇంట్లోని మగవాడు లాక్కుని త్రాగేవాడు. అడిగితే కొట్టేవాడు. మన వాడలలో కూడా ఇలాంటి ఇళ్ళు ఎన్ని లేవు! రొట్టె చీటీ ఇచ్చి వచ్చేస్తే ఆ రొట్టె కూడా సారాయి అయిపోయేది. ఓజనాం వివరాలన్నీ అడిగి తెలుసుకున్నారు. వారిద్దరికీ అసలు వివాహమే జరగలేదని తేలింది. న్యాయశాస్త్ర విద్యార్థి కదా, అధికారుల దగ్గరకు తిరిగి, అతణ్ణి విడిచి వెళ్ళే స్వేచ్ఛ ఆమెకు చట్టప్రకారం ఇప్పించారు. మిత్రులు చందాలు వేసుకుని ఆమెను చిన్నపిల్లలతో ఆమె పుట్టిన ప్రాంతానికి పంపారు. పెద్ద కొడుకులిద్దరికి బాయీ ముద్రణాలయంలో పని చూపించారు.

చూశారా! దానం అంటే ఇంత అన్నం పెట్టడం మాత్రమే కాదు. తెలిసిన విద్యను తెలియనివారి కోసం వాడటం కూడా దానమే. పింఛను దరఖాస్తు వ్రాయించుకోలేని ముసలమ్మకు, పట్టాదారు పాసుపుస్తకం కోసం కాళ్ళరిగేలా తిరిగే రైతుకు, రెండేళ్ళుగా కోర్టు వాయిదాలకు పోతూ ఏం జరుగుతున్నదో అర్థంకాని కూలివానికి, చదువుకున్న కతోలికుడు ఒక పూట కేటాయిస్తే అది ఎన్ని కిలోల బియ్యానికి సమానం?

నల్లకోటు నుంచి ఆచార్య పీఠానికి

1836లో ఓజనాం న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొంది లియోన్ న్యాయస్థానంలో వకీలుగా నిలబడ్డారు. కాని ఆ వృత్తిలో ఆయనకు మనశ్శాంతి దొరకలేదు. ఉన్నదానిని పెంచి చెప్పడం, అవతలివాడిని దుర్మార్గుడిగా చిత్రించడం, మాటల గారడీ ఆయనకు సరిపడలేదు. వాద్యం విడిచినా న్యాయం మీద ప్రేమను మాత్రం విడువలేదు. 1839లో లియోన్ నగరం ఆయనను వాణిజ్య న్యాయశాస్త్ర ఆచార్యునిగా నియమించింది. వ్యాపారుల కొడుకులు కూర్చున్న ఆ తరగతిలో ఆయన కూలివాని జీతం గురించి మాట్లాడారు. పనివాణ్ణి యంత్రంగా చూసి, తక్కువ ఖర్చుకు ఎక్కువ పని గుంజుకోవడం దోపిడి అని బోధించారు. లియోన్ పట్టునేత కార్మికులు 1831లోను, 1834లోను కూలి కోసం తిరగబడి రక్తం చిందించిన ఊరు అది. కార్మికుల హక్కులపై పదమూడవ లియో జగద్గురువులు తమ విశ్వలేఖ వెలువరించింది 1891లో. ఈ ఆచార్యుడు ఆ మాటలు చెప్పింది దానికి యాభై ఏళ్ళు ముందు.

సాహిత్యంలో కూడా దాంతె మహాకవి మీద పరిశోధన చేసి 1839లో మరో డాక్టరేటు పొందారు. 1840లో పారిస్‌లో జరిగిన కఠినమైన పోటీ పరీక్షలో ప్రథమ స్థానం సంపాదించారు. 1841 ఆరంభం నుంచి సోర్బాన్ విశ్వవిద్యాలయంలో విదేశీ సాహిత్యం బోధించారు. 1844లో పూర్తి ఆచార్యులయ్యారు. శ్రీసభను ఎగతాళి చేయడం మేధావితనమనుకునే ఆ ప్రాంగణంలో ఆయన తన విశ్వాసాన్ని దాచలేదు, ఎదుటివారిని కించపరచనూలేదు. అందుకే నమ్మని విద్యార్థులు కూడా ఆయన తరగతికి కిక్కిరిసి వచ్చేవారు.

ఇంటిలో ఓజనాం

గురువు కావాలా, గృహస్థు కావాలా అని ఓజనాం చాలాకాలం ఊగిసలాడారు. ప్రసిద్ధ ప్రసంగీకుడైన ఫాదర్ లకోర్డేర్ ఆయన తన వెంట దొమినిక్ సభలోకి వస్తారని ఆశించారు. కాని 1841 జూన్ 23న లియోన్‌లోని సెయింట్ నిజియే దేవాలయంలో అమెలీ సులక్రువా అనే యువతితో ఓజనాం వివాహం జరిగింది. పెళ్ళి పూజ చేసింది అన్న ఫాదర్ అల్ఫోన్సే. పాపం ఓజనాం వలలో పడ్డాడని లకోర్డేర్ అన్నారట. ఆ మాట విన్న తొమ్మిదవ పియుస్ జగద్గురువులు నవ్వి, ప్రభువు ఏడు సంస్కారాలు స్థాపించారనుకున్నానే, ఈయన లెక్కన ఆరు సంస్కారాలు, ఒక వల అన్నమాట అని చమత్కరించారని ఒక కథ చెప్పుకుంటారు.

ఆ సంస్కారాన్ని ఓజనాం ఎంత గౌరవించారో వినండి. పెళ్ళి జరిగిన తేదీని గుర్తుంచుకుని, ప్రతి నెల 23న భార్యకు పువ్వులు ఇచ్చేవారు. ఏడాదికొకసారి కాదు, నెలనెలా! చివరి జబ్బులో మంచంపట్టిన రోజుల్లో కూడా ఆ అలవాటు మానలేదు. పెళ్ళినాటి ఫోటో గోడకు తగిలించి, ఇల్లాలితో తీయగా ఒక మాట మాట్లాడి నెలలు గడిచిన భర్తలు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

బిడ్డలు కలగక ఆ దంపతులు దుఃఖం అనుభవించారు. నాలుగేళ్ళ తరువాత 1845 జూలై 24న ఒక ఆడబిడ్డ పుట్టింది. మరీ అని పేరు పెట్టారు. ఆ తండ్రి సంతోషానికి అంతులేదు.

ఆ ఇంట జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక నూతన సంవత్సర దినాన, తనకు తెలిసిన ఒక పేద కుటుంబం తమకున్న ఒకే ఒక మంచి బీరువాను తాకట్టు పెట్టుకున్నదని ఓజనాంకు తెలిసింది. విడిపించి ఇద్దామనుకున్నారు. ఆ డబ్బు మరో విధంగా సహాయపడితే మేలు కదా అని అమెలీ సర్దిచెప్పింది. ఆయనా సరేనన్నారు. సాయంత్రానికి బంధుమిత్రులు తెచ్చిన బొమ్మలతో, మిఠాయిలతో పాప చుట్టూ కుప్ప పడింది. ఓజనాం ముఖం దిగులుగా ఉండటం చూసి భార్య కారణం అడిగింది. తన బిడ్డ బొమ్మలు చూస్తుంటే ఆ ఇంటి పిల్లలే కళ్ళలో మెదులుతున్నారని చెప్పారు. ఈసారి అమెలీయే వెళ్ళమంది. వెళ్ళి, బీరువా విడిపించి, ఆ ఇంటికి చేర్పించి వచ్చాక గాని ఆయనకు పండుగ కాలేదు.

ఆయన దయ ఎప్పుడూ తడబడలేదని కాదు. ఒక ఇటలీ దేశస్థుడికి పలుమార్లు సహాయం చేసి, పని చూపించారు. అతడు ఆ నమ్మకాన్ని పాడుచేసుకున్నాడు. మళ్ళీ చేయి చాచితే ఓజనాం కోపంతో పొమ్మన్నారు. అతడు మెట్లు దిగాడో లేదో మనసు కుదురుగా లేదు. ఒక మనిషిని నిరాశలోకి త్రోసివేయడానికి తనకేం హక్కు ఉందనిపించింది. టోపీ అందుకుని వీధిలోకి పరుగెత్తి, లక్సంబర్గ్ తోట దగ్గర అతణ్ణి పట్టుకున్నారు. కోపం రాని మనిషి లేడు. కోపం వచ్చాక వెనుక పరుగెత్తే మనిషి మాత్రం అరుదు.

వీధి అడ్డుకట్టల మధ్య

1848లో ఫ్రాన్సులో రాజరికం కూలింది. ధనికులు బెదిరిపోయారు. ఓజనాం పేదల పక్షాన నిలవమని కతోలికులను కోరారు. ఫాదర్ లకోర్డేర్‌తోను, ఫాదర్ మరేతోను కలిసి ఏప్రిల్‌లో ఒక దినపత్రికను ప్రారంభించారు. మిత్రుల కోరికపై ఎన్నికలలో నిలబడి ఓడిపోయారు. జూన్ నెలలో పనులు కోల్పోయిన కార్మికులు తిరగబడ్డారు. వీధులకు అడ్డంగా గోడలు లేచాయి. తుపాకులు ప్రేలాయి. ఓజనాం నేషనల్ గార్డు అనే పౌరసైన్యంలో సభ్యుడు. ఇంట్లో మూడేళ్ళు కూడా నిండని పాపను విడిచి, ఏకరువ దుస్తులు వేసుకుని వీధి మొగలో కాపలా నిలబడ్డారు. అవతల అడ్డుకట్టల వెనుక ఉన్నది ఎవరు? తాను పదిహేనేళ్ళుగా ఎవరి ఇండ్లకు తిరిగారో ఆ పేదలే. ఆ బాధ ఎలాంటిదో మీరే ఊహించండి.

జూన్ 25, ఆదివారం. ఓజనాం, మరి ఇద్దరు మిత్రులు పారిస్ అగ్రపీఠాధిపతి ఆఫ్ర్ వారి వద్దకు వెళ్ళి, మీరు మధ్యవర్తిగా వెళితే రక్తపాతం ఆగుతుందేమోనని విన్నవించారు. అగ్రపీఠాధిపతి మనసులోనూ అప్పటికే అదే ఆలోచన ఉన్నది. సేనాధిపతి కవెన్యాక్‌ను కలిసి, ఆ సాయంత్రమే బయలుదేరారు. ఓజనాం వెంట వస్తామన్నారు. మీ సైనిక దుస్తులు చూస్తే వారు రెచ్చిపోతారని అగ్రపీఠాధిపతి వారిని వెనుకకు పంపారు. అడ్డుకట్ట వద్ద ఆయనకు గుండు తగిలింది. తన రక్తమే చివరి రక్తం కావాలని కోరుకుంటూ జూన్ 27న ప్రాణం విడిచారు.

సలహా చెప్పినవాడు బ్రతికాడు, సలహా పాటించిన కాపరి మరణించాడు. ఈ బరువును ఓజనాం మోశారు. అయితే దుఃఖాన్ని సాకుగా తీసుకుని వెనుకకు తగ్గలేదు. తిరుగుబాటు అణగిపోయిందని ఊపిరి పీల్చుకున్నవారికి, ఆకలి ఇంకా అణగలేదని తన పత్రికలో గుర్తుచేస్తూనే వచ్చారు. దానధర్మం గాయానికి కట్టు కడుతుంది, కాని గాయం చేస్తున్న చేతిని ఆపడం న్యాయం పని. రెండూ కావాలి అన్నది ఆయన బోధన సారాంశం.

చివరి ప్రయాణం

మూత్రపిండాల వ్యాధి ఆయనను క్రుంగదీసింది. 1852లో ఒకరోజు ఆచార్యుడు రాలేదని విద్యార్థులు గోల చేస్తున్నారని తెలిసి, జ్వరంతో మంచం మీద నుంచి లేచి వెళ్ళి పాఠం చెప్పారు. అదే చివరి పాఠం. తరువాత వైద్యుల సలహాపై స్పెయిన్, ఇటలీ దేశాలు తిరిగారు. నడవలేని స్థితిలో కూడా ఏ ఊరు వెళితే ఆ ఊళ్ళో విన్సెంట్ దె పాల్ శాఖను పలకరించారు, లేనిచోట నాటారు.

1853 ఏప్రిల్ 23న, నలభై నిండిన రోజున, పీసా నగరంలో తన మరణశాసనం వ్రాసుకున్నారు. ఎన్నో వీలునామాలు చదివిన న్యాయవాది వ్రాసిన ఆ వీలునామాలో ఆస్తి లెక్కల కన్నా కృతజ్ఞతలే ఎక్కువ. అంత చిన్న బిడ్డను, అంత ప్రేమించిన భార్యను విడిచిపోవడం ఆయనకు తేలిక కాలేదు. కొన్నాళ్ళు బ్రతకనివ్వమని దేవుణ్ణి వేడుకున్నారు, పెనుగులాడారు, చివరకు తల వంచారు. సెప్టెంబరు ఆరంభంలో ఓడలో మార్సెయ్ చేరారు. దేవుని దయపై నమ్మకముంచమని చెప్పిన గురువుతో, ఇంతగా ప్రేమించే దేవునికి తానెందుకు భయపడాలన్న భావం వెలిబుచ్చారు. మరియమాత పండుగనాడు వెళ్ళిపోయారు. పారిస్‌లోని కార్మెల్ దేవాలయపు నేలమాళిగలో ఆయన సమాధి ఉన్నది.

అమెలీ మరల వివాహం చేసుకోలేదు. భర్త మిత్రుల సాయంతో ఆయన రచనలన్నీ అచ్చువేయించింది. బిడ్డను పెంచి పెద్దచేసింది. 1894లో ఆమె చనిపోయింది. 1997 ఆగస్టు 22న పారిస్ నోత్రదాం దేవాలయంలో, ప్రపంచ యువజన దినోత్సవాల సందర్భంగా, పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు ఓజనాంను ధన్యునిగా ప్రకటించారు. ఏడుగురితో మొదలైన సభ 1863లో మన భారతదేశానికి వచ్చింది. ఈనాడు సుమారు 150 దేశాలలో ఉన్నది.

మనకు మిగిలిన ప్రశ్న

ప్రియ పాఠకులారా, ఒక మంచి మనిషి పోయినప్పుడు మనం సంతాప సభ పెడతాం, పటానికి పూలదండ వేస్తాం, ఆయన లేని లోటు తీరదంటాం. ఓజనాం మిత్రులు ఆయనను జ్ఞాపకం చేసుకున్నది వేరే విధంగా. ఆయన వెళ్ళే ఇండ్లకు వారు వెళ్ళారు. అంతకన్నా మంచి సంస్మరణ మరొకటి లేదు.

ఆనాడు ఆ విద్యార్థి వేసిన ప్రశ్న ఈనాటికీ మన గుడి వాకిట్లో నిలబడే ఉన్నది. మన ముందటి తరాల మిషనరీలు బడులు కట్టారు, ఆసుపత్రులు కట్టారు, నిజమే. మరి ఈ వీధిలో, ఈ ఏడాది, నువ్వేం చేస్తున్నావు? మీ విచారణలో విన్సెంట్ దె పాల్ సభ ఉంటే అందులో చేరండి. క్రిస్మసుకు చీరలు పంచి ఫోటో దిగడంతో సరిపెట్టుకుంటుంటే, మళ్ళీ ఇద్దరిద్దరుగా ఇండ్లకు వెళ్ళే పాత నియమాన్ని మొదలుపెట్టండి. వెళ్ళేటప్పుడు మీ పిల్లల్లో ఒకరిని వెంట తీసుకువెళ్ళండి. వాడు ఏమీ అననక్కరలేదు. చూస్తాడు. లియోన్ నగరంలో ఒక పిల్లవాడు తన తల్లిదండ్రులు ఎవరి మెట్లెక్కుతున్నారో చూస్తూ పెరిగినట్లే, మీ బిడ్డ కూడా చూస్తాడు. తక్కిన పని దేవుడు చూసుకుంటాడు.